పాడని పల్లవి: పాట విమర్శపై కొన్ని ఆలోచనలు

పాటను గురించి మన విమర్శకులు రాసిన వ్యాసాల్లో ఎక్కువ భాగం పాటను చదివి రాసినవే. విని రాసినవి తక్కువ. బృందం ఆడి పాడుతుండగా జనంలో కూర్చుని, ఆ జనంతోపాటు విని రాసినవి మరీ తక్కువ. ఇతరులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ తప్పు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పన్నెండేళ్ల కిందట ఒక చిన్న పత్రికలో నేను రాసిన పేజీన్నర సమీక్ష ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది. దాని సంగతి చెబితే తప్ప నేను చెప్పదలచుకున్నది తేలదు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

లేపాక్షి, హిందూపురం, మడకశిర చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన జట్లు పాడే పాటలను ఒక మిత్రుడు సేకరించి చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. సగం దేవుడి పాటలు. తక్కిన సగం కరువు పాటలు, కూలి పాటలు. వాటిలో ఒక పాట లేపాక్షికి దగ్గరి పల్లెలో ఒక జట్టు గురువు కట్టింది. ఆయన ఎద్దులు ఉన్నన్నాళ్లు సేద్యం చేసి, అవి పోయాక కూలికి పోతున్న మనిషి. ఆ పాట పల్లవి అంతా ‘పోయొస్తా’ అన్న ఒక్క మాట మీద నడుస్తుంది. మనలో ఇల్లు విడిచి బయలుదేరేవాడెవడూ ‘పోతాను’ అనడు, అది అశుభం. తిరిగి వస్తానన్న మాట కూడా అందులోనే కలిపి ‘పోయొస్తా’ అంటాడు. పాటలో మూడు చరణాలున్నాయి. మొదటి చరణంలో మేఘం ఆ మాట అంటుంది. రెండో చరణంలో కొడుకు అంటాడు. మూడో చరణంలో సంతలో అమ్ముడుపోయిన ఎద్దు.

ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ ఈ పాటకు నేను రెండు దోషాలు పట్టాను. మూడు చరణాలకూ పల్లవి మార్పు లేకుండా తిరిగి వస్తున్నది, అది అర్థాన్ని ముందుకు నడపడం లేదు, కనుక పునరుక్తి అన్నాను. మూడో చరణం చివరి పాదంలో లెక్కకు రెండు మాత్రలు తక్కువ పడ్డాయి, కనుక గతి చెడింది అన్నాను. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి, మాత్రలు లెక్కపెట్టడం బాగానే వచ్చు. చివరికి ‘వస్తువు మంచిదే గాని శిల్పం లోపించింది’ అని ముగించాను. మనందరికీ చేతికి అలవాటైపోయిన వాక్యం అది.

ఆ మరుసటి ఏడు శ్రీరామనవమి రాత్రి ఆ పల్లెకు పోవలసి వచ్చింది. నా తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రి ఆ జట్టులో ఉన్నాడు. ‘మా నాయన ఆడతాడు, రండి సార్’ అని పిల్లవాడు వారం రోజులు వెంటపడ్డాడు.

చెక్కభజన చూడనివారి కోసం కొంత చెప్పాలి. జట్టులో పదిమందినుంచి ఇరవైమంది దాకా ఉంటారు. ప్రతివాడి చేతిలోనూ రెండు కొయ్య చెక్కలు, వాటికి పొదిగిన లోహపు బిళ్లలు. కాళ్లకు గజ్జెలు. గురువు నడుమ నిలిచి పాట ఎత్తుకుంటాడు, జట్టు అందుకుంటుంది. వలయంగా తిరుగుతారు, ఎదురెదురు వరుసలవుతారు, ఒకరి సందులోంచి ఒకరు దూరిపోతారు. పాట నెమ్మదిగా మొదలై చరణం చివరికి జోరందుకుంటుంది, పల్లవి దగ్గర మళ్లీ తగ్గుతుంది. మా సీమలో గుడి ముందర ఖాళీస్థలమే దీనికి రంగస్థలం. తెరలేదు, వేదికలేదు, చూసేవాడికి ఆడేవాడికి మధ్య దూరం రెండు మూరలు. పగలు ఒకే చేనులో వేరుశనగ పీకినవాళ్లలో కొందరు రాత్రి ఆడతారు, కొందరు చూస్తారు. ఈ పొందిక పాట అర్థానికి ఎంత ముఖ్యమో ఆ రాత్రి దాకా నాకు తెలియదు.

రెండు గంటల సేపు రాముడి పాటలు అయ్యాక గురువు ఈ పాట ఎత్తుకున్నాడు.

మేఘం చరణంలో మేఘం పడమటినుంచి వస్తుంది. లేపాక్షి గుడి ఉన్న కూర్మశైలం మీద ఒక్క నిమిషం నిలుస్తుంది, నాలుగు చినుకులు రాల్చి, దుమ్ము లేపి, ‘పోయొస్తా’ అంటుంది. అచ్చులో చదివినప్పుడు అది నాకు దైన్యంగా కనిపించింది. అక్కడ జనం పకపకా నవ్వారు. ఎందుకంటే గురువు ఆ మాటను అప్పు తీర్చకుండా వాయిదా చెప్పి జారుకునే చుట్టం గొంతుతో అన్నాడు. నవ్వినవాళ్లకు ఆ చుట్టం బాగా తెలుసు. మాది పడమటి కనుమల వెనుక వాననీడలో పడ్డ పీఠభూమి. నైరుతి మేఘాలు కనుమల్లోనే బరువు దింపుకుంటాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలోనే చాలావరకు ఖర్చయిపోతాయి. రెండు రుతువుల్లోనూ మాకు దక్కేది మిగులే. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, అది కూడా విత్తనం అడిగిన రోజున కాదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు లేపాక్షి అనంతపురం జిల్లానుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది. మేఘానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

కొడుకు చరణంలో తెల్లవారుజామున బెంగళూరు బస్సు ఎక్కుతున్నాడు. ఇక్కడ పాట నడక తగ్గింది. పల్లవి దగ్గర గురువు పాడలేదు. జట్టులో వెనక వరుస మాత్రమే అందుకుంది, అదీ నెమ్మదిగా. పక్కన కూర్చున్న ముసలాయన నా చెవిలో చెప్పాడు: ఆ వెనక వరుసలో నలుగురు బెంగళూరులో కట్టడం పనులు చేసేవాళ్లు, పండగకు వచ్చారు, సోమవారం పొద్దున్నే పోతారు. అంటే ‘పోయొస్తా’ అని పాడుతున్నవాడు నిజంగానే ఎల్లుండి ఆ మాట అని బస్సెక్కబోతున్నవాడు. వాళ్ల అమ్మలు, పెళ్లాలు ఎదురుగానే కూర్చుని వింటున్నారు. ఈ అర్థాన్ని ఏ పుస్తకంలో ఏ పేజీలో అచ్చువేయగలం?

ఎద్దు చరణంలో సంత, బేరం, చేతులు మారిన డబ్బు. ఎద్దును కొన్నవాడు తోలుకుపోయాడు, దాని పలుపు మాత్రం అమ్మినవాడి చేతిలో మిగిలింది. చివరి పాదం దగ్గర గొంతు రెండు మాత్రల ముందే ఆగింది. నేను తప్పుపట్టిన ఆ రెండు మాత్రల జాగాలో పన్నెండు జతల చెక్కలు రెండు దెబ్బలు వేశాయి. తరువాత పల్లవి రావాలి. రాలేదు. అడుగు ఆగలేదు, గజ్జెలు ఆగలేదు, చెక్కలు పల్లవి నడకనే వాయిస్తున్నాయి, మాట మాత్రం ఎవరూ అనలేదు. ఒక ఆవృతం పూర్తిగా అలా సాగింది. ఆ ఖాళీలో జనంలోంచి ఒకరిద్దరు ఆడవాళ్లు లోగొంతుతో ‘పోయొస్తా’ అనడం నాకు వినిపించింది. ఆ తరువాత జట్టు నిలిచిపోయింది.

అచ్చు పుస్తకంలో ఆ చోట ఏముందో నాకు కంఠతా వచ్చు. రెండు నిలువు గీతల మధ్య ‘పోయొస్తా’ అని ఉంది. చరణం అయ్యాక పల్లవిని అలా గీతల మధ్య సూచించడం మన పాటల పుస్తకాల సంప్రదాయం. సేకరించిన మిత్రుణ్ణి తరువాత అడిగితే, ‘ప్రతి చరణం కిందా వేసే గీతలే కదా, అలవాటుగా వేసేశాను’ అన్నాడు. అతని అలవాటు గీతలు వేసింది, నా అలవాటు పునరుక్తి అని పేరు పెట్టింది. పాటకు అసలు ప్రాణమైన మౌనం మా ఇద్దరి చదువుల మధ్య నలిగిపోయింది.

ఆట అయ్యాక గురువు దగ్గరికి పోయి నేనెవరో చెప్పుకున్నాను. నా సమీక్షను ఎవరో ఆయనకు అప్పుడే చదివి వినిపించారట. కోపం లేదు. ‘అయివారూ, మీరు సదివినారు గానీ ఇన్లేదు గదా’ అన్నాడు, అంతే. మూడోసారి పల్లవి ఎందుకు పాడలేదని అడిగాను. ‘ఆడ పాడేదేముంది? వానకు నోరుంది, ఉరిమి చెప్తాది. కొడుక్కు నోరుంది. ఎద్దుకు యాడిది?’ అన్నాడు.

ఈ అనుభవాన్ని ఒక గురువు ప్రతిభగా మెచ్చుకుని ఊరుకోవచ్చు. నేను మాత్రం దీన్ని మన పాట విమర్శకు సంబంధించిన మౌలికమైన ప్రశ్నగా భావిస్తున్నాను. పాటలో మాటలకు అర్థం ఎక్కడ పుడుతుంది? కాగితం మీద ఉన్నది పాట కట్టినవాడి ఉద్దేశం మాత్రమే. పల్లవి ఎన్నిసార్లు తిరిగి వచ్చినా అచ్చులో ఒకే పల్లవి. పాడేటప్పుడు ముందు చరణం వేసిన బరువును మోసుకుని వస్తుంది కాబట్టి ప్రతిసారీ వేరే పల్లవి. ఎవరు పాడుతున్నారు, ఎవరు అందుకుంటున్నారు, ఎవరు ఎదురుగా కూర్చున్నారు అన్నవి మాటల అర్థంలో భాగాలు. వీటిని వదిలేసి అలంకారాలు, ప్రాసలు, మాత్రలు లెక్కపెట్టడం వంటకు ఉప్పెంత వేశారో చీటీ చూసి రుచి చెప్పడం లాంటిది.

ఇది మన ఉద్యమ చరిత్రకు కొత్త సంగతేం కాదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ఆ కాలంలోనే ప్రజానాట్యమండలి పల్లెల్లోకి పోయి, జనానికి తెలిసిన రూపాలనే చేతబట్టింది. వాటిలో బుర్రకథ నిర్మాణం చూడండి. నడుమ కథకుడు తంబురతో నిలుస్తాడు, వేళ్లకు అందెలు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు పాడేది పల్నాటి యుద్ధమో బొబ్బిలి కథో కావచ్చు. హాస్యపు వంత జనాన్ని నవ్విస్తాడు. రాజకీయపు వంత ఆ పాత కథలోంచి ఆనాటి ఊరి కరణం దగ్గరికి, పన్ను దగ్గరికి, ధాన్యం ధర దగ్గరికి జనాన్ని నడిపించుకొస్తాడు. కథ పుస్తకంలో ఉంటుంది. వంత మాట ఏ ఊరికి ఆ ఊరు మారుతుంది, అది పుస్తకంలో ఉండదు. అంటే బుర్రకథలో పాఠానికి అర్థం చెప్పే విమర్శకుడు వేదిక మీదే డక్కీ పట్టుకుని నిలబడి ఉన్నాడన్నమాట. మనం ఆ కథను అచ్చులో చదివి ‘చారిత్రక వస్తువు’ అని వర్గీకరిస్తాం.

షేక్ నాజర్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో, దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు. బుర్రకథ పితామహుడన్నారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో మరణించాడు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. కులం పేరుగా, తిట్టుగా తనమీద పడిన మాటనే పుస్తకం నెత్తిన పెట్టుకున్నాడు. ఆ పేరు కూడా వినదగిన పల్లవే: అన్నవాడి నోట ఒక అర్థం, అతని నోట మరొకటి. బెంగాల్‌లో 1943 కరువు జనాన్ని చంపుతున్నప్పుడు ఆ కరువు మీద కథ చెప్పాడు. ఆయన కథ చెబితే జనం ఏడ్చేవాళ్లని పాతతరం వాళ్లు రాశారు. కృష్ణా కాలువల కింద పండించుకునే మనిషి వంగదేశం ఆకలికి ఏడ్వాలంటే ఒట్టి సమాచారం చాలదు. గొంతు, అడుగు, మాట మధ్యలో ఆగడం, వంత అడిగే ప్రశ్న, ఇవన్నీ కలిసి ఆ దూరాన్ని దాటించాలి. అదే కథ మా సీమలో చెబితే దాటించవలసిన దూరమే ఉండదు. 1876-78 మధ్య వచ్చిన ధాత కరువు పేరు ఇక్కడ ముసలివాళ్ల మాటల్లో ఇప్పటికీ ఉంది. వినేవాడు మారితే పాటే మారుతుంది అనడానికి ఇంతకన్న ఏం కావాలి?

ఉద్యమాల బయట కూడా ఇదే లక్షణం కనిపిస్తుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారు ఆ ఊరివారే. వాళ్ల ఇళ్లలో మాట్లాడేది మరాఠీ యాస, తెర వెనక పాడేది తెలుగు. రామాయణం నడుస్తూ నడుస్తూ ఉండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి పడతారు. రాముడి మాటలు తరతరాలుగా అవే. కేతిగాడి మాటలు మాత్రం ఆ సాయంత్రానివి. బుర్రకథ వంతకూ కేతిగాడికీ పని ఒకటే.

తరువాతి తరంలో ఈ గుణాన్ని శిఖరానికి తీసుకుపోయినవాడు గద్దర్. జననాట్యమండలి 1970ల మొదట్లో పుట్టింది. గుమ్మడి విఠల్ తన పేరుగా తీసుకున్నది పంజాబీ విప్లవకారుల గదర్ పార్టీ పేరు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ చిత్రంలో తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి పాటను ఆయన పాడి ఆడాడు. ఆ పాట ఒకప్పుడు దొరమీద, నిజాం మీద కట్టింది. 1980లో తెరమీదికి వచ్చేసరికి, పాడుతున్నవాడి గొంతు వల్ల, గొంగడి వల్ల, చిందు వల్ల, అది పాత దొరమీది పాటగా మాత్రమే వినిపించలేదు. గద్దర్ ఆటను నేను చూసింది ఎక్కువగా వీడియోల్లోనే, అది ఒప్పుకోవాలి. ఆయన 2023 ఆగస్టు 6న చనిపోయిన రోజు రాత్రి వాటిని వరుసబెట్టి చూశాను. ఒక పాదం పాడి ఆపేస్తాడు. మాట్లాడతాడు, ప్రశ్న వేస్తాడు, జనంలోకి చూస్తాడు, డప్పు చిన్నగా మోగుతూ ఉంటుంది, మళ్లీ అదే పాదం ఎత్తుకుంటాడు. రెండోసారి పాడిన పాదం మొదటి పాదం కాదు. మధ్యలో చెప్పిన మాటంతా దానిలోకి దిగింది. డప్పు సంగతి వేరే చెప్పాలి. చావుకూ చాటింపుకూ వాడి, ఊరి బయట ఉంచిన వాద్యం వేదిక నడిమికి వచ్చింది. దాని మోతలో ఒక వాక్యం ఉంది, ఆ వాక్యాన్ని ఏ పాటల పుస్తకమూ అచ్చువేయలేదు.

పాట సాహిత్యమా కాదా అన్న చర్చ 2016లో బాబ్ డిలన్‌కు నోబెల్ సాహిత్య బహుమతి ఇచ్చినప్పుడు ప్రపంచమంతా నడిచింది. మన దగ్గరా నడిచింది. మనవాళ్లు కొందరు దాన్ని పాటకు దక్కిన గౌరవంగా సంతోషించారు. ఆసక్తికరమైన విషయం ఏమంటే, మరుసటి ఏడాది ఇచ్చిన నోబెల్ ఉపన్యాసంలో డిలన్ స్వయంగా పాట సాహిత్యంలాంటిది కాదని, అది చదవడానికి కాక పాడటానికి ఉన్నదని అన్నాడు. సాహిత్య బహుమతి పుచ్చుకుంటూ ఈ మాట అనడం గడుసుదనమే కావచ్చు. అయినా ఆ మాట మా పల్లె గురువు నాతో అన్న మాటకు ఎంత దూరంలో ఉంది?

అలాగని అచ్చును తీసిపారేయమని నేను అనడం లేదు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ పేరులో పాట ఉన్నా నేను దాన్ని కావ్యంగానే చదివాను, పిల్లలకు చదివి చెప్పాను. మా కరువుకు అక్షరాల్లో అంత గౌరవం మరెవరూ ఇవ్వలేదు. కొన్ని రచనలు రెండు చోట్లా బతుకుతాయి. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ కాగితం మీదా నిలుస్తుంది. కాని ఆయన నోట విన్నవాళ్లు దాన్ని పుస్తకంలో చదివినప్పుడు ఏదో కోల్పోయిన ముఖం పెడతారు. అది నేను కళ్లారా చూశాను.

మా ఊరి గుడిలో ఒక చోటు ఉంది. ఏటా పిల్లలను అక్కడికి తీసుకుపోతాను. 16వ శతాబ్దంలో, విజయనగర ప్రభువు అచ్యుతరాయల కాలంలో, విరుపణ్ణ కట్టించిన వీరభద్రస్వామి గుడి నాట్యమంటపం. అందరూ నేలకు తగలని స్తంభం కింద గుడ్డ దూర్చి ఆనందించి వెళ్లిపోతారు. నేను మంటపం నడుమ స్తంభాల దగ్గర నిలబెడతాను. రంభ నాట్యం చేస్తున్నది, తుంబురుడు వీణ పట్టాడు, బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, మూడు కాళ్ల భృంగి అడుగు వేస్తున్నాడు. పూర్తి మేళం. చేతుల వంపు, మద్దెల మీద వేళ్లు, అన్నీ ఉన్నాయి. ఐదు వందల ఏళ్లుగా ఏ పాట వాయిస్తున్నారో మాత్రం తెలియదు. ఒకసారి ఏడో తరగతి పిల్ల అడిగింది: ‘ఏం పాట సార్?’ శిల్పి రాతిలో చెక్కలేనిది అదొక్కటే. మనం పుస్తకంలో అచ్చువేయలేనిదీ దాదాపు అదే, కాకపోతే మన దగ్గర మాటలున్నాయి కాబట్టి అంతా ఉందని భ్రమపడతాం.

కొందరు మిత్రులు అంటారు, ఇప్పుడు ఆ బాధ లేదు, అందరి చేతిలోనూ ఫోను ఉంది, రికార్డు చేసుకోవచ్చు అని. శ్రీరామనవమి నాటి ఆ రాత్రి నా శిష్యుడు కూడా రికార్డు చేశాడు. మరునాడు బడిలో గొప్పగా చూపించాడు. మూడో చరణం చివర గురువు గొంతు ఆగగానే వీడియో ఆగిపోయింది. పాట అయిపోయిందనుకుని ఆపేశాడు పిల్లవాడు. వాడి తండ్రి ఆ మౌనంలో అడుగు వేస్తూనే ఉన్నాడు, వాడికి అది పాటలో భాగమని తోచలేదు. నేను వాణ్ణి ఏమీ అనలేదు. వాడు చేసిన పనినే నేను ఏడాది ముందు అచ్చులో చేశాను.

ఇంతవరకు చెప్పింది ఒక వైపు. రెండో వైపు చెప్పకపోతే ఇది ప్రజాకళల మీద భక్తిగీతమవుతుంది, అలాంటివి మన పత్రికల్లో ఇప్పటికే చాలా వచ్చాయి. బృందం ముందు కూర్చుని వినడంలో ఒక మోసం కూడా ఉంది. దరువు బలహీనమైన మాటను కూడా మోసుకుపోతుంది. అదే జట్టు ఆ మరుసటి నెలలో ఒక సభలో, పొలంలో నీటికుంటలు తవ్వుకోమనే ప్రచారపు పాట పాడింది. ఎవరో రాసి ఇచ్చిన మాటలు. ‘పోయొస్తా’ పాట దరువు మీదే కట్టారు. మాటల్లో కుంట ఎవరి పొలంలో తవ్వుతారో, పొలం లేనివాడి సంగతేమిటో ఏమీ లేదు. చప్పట్లు మాత్రం నవమి రాత్రికంటె ఎక్కువ పడ్డాయి. నా కాలు కూడా ఆడింది. తరువాత గురువు నవ్వి, ‘ఆడ కూలి ఇచ్చినారు అయివారూ, ఈడ ఎవరిస్తారు?’ అన్నాడు. నేను ఆయన్ని తప్పుపట్టలేను. బుర్రకథను కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడారు, ఎన్నికలకు వాడారు, ఇకముందూ వాడతారు. దరువు ఎవరి పక్షమూ కాదు. అందువల్ల జనం ఊగారన్నది పాట మంచిదనడానికి ప్రమాణం కాదు. ఉద్యమాల పాటల్లో కూడా, వేదిక మీద ఉర్రూతలూగించి, ఇంటికొచ్చి కాగితం మీద చూస్తే నాలుగు నినాదాలు తప్ప మిగలనివి నేను విన్నాను. మనవాళ్లవని వాటిని మెచ్చుకున్న రోజులూ ఉన్నాయి.

మరి తేడా ఎలా పట్టాలి? నాకు తోచిన పద్ధతి ఒకటుంది, ఇది సూత్రం కాదు. దరువు తగ్గినచోట వినాలి. జోరుగా ఉన్నప్పుడు ఏ మాటైనా చెల్లుతుంది. పాట నెమ్మదించినప్పుడు, వంత ప్రశ్న వేసినప్పుడు, బృందం నోరు మూసినప్పుడు మాటకు నిలిచే శక్తి ఉందా లేదా తేలిపోతుంది. కుంటల పాటలో ఒక్కచోట కూడా జోరు తగ్గించలేదు. తగ్గిస్తే ఏమీ లేదని పాడేవాళ్లకూ తెలుసు. ‘పోయొస్తా’ పాట తన బలమంతా జోరు లేనిచోటే పెట్టుకుంది. రెండు పాటలకూ దరువు ఒకటే, జట్టు ఒకటే, కాబట్టి ఈ పోలిక నాకు ఉపయోగపడింది.

పాటల మీద రాసే మిత్రులకు ఒక చిన్న మనవి కూడా ఉంది. నాటకాన్ని సమీక్షించేటప్పుడు ఎక్కడ ఆడారు, ఎవరు వేశారు, ప్రేక్షకులెవరు అని రాస్తాం. పాట దగ్గరికి వచ్చేసరికి పుస్తకం పేరు, వెల రాసి ఊరుకుంటాం. ఏ ఊళ్లో విన్నారు, జట్టులో ఎంతమంది, ఏ చరణాన్ని ఎవరు అందుకున్నారు, ఎక్కడ ఆపారు, ఎక్కడ నవ్వారు, దీనికి ముందు ఏ పాట పాడారు అన్న నాలుగు ముక్కలు సమీక్షలో చేరిస్తే రేపు చదివేవాడికి కొంతయినా దారి దొరుకుతుంది. ఏ ఊరి చెరువు పేరు ఆ ఊళ్లో పాటలోకి చేర్చి పాడతారు, ఆ మార్పులు కూడా రాయాలి. ‘పాఠాంతరం’ అని అడుగున చిన్న అక్షరాల్లో వేయవలసినవి కావు అవి.

ఇది తొందరగా చేయవలసిన పని అని కూడా నా అభిప్రాయం. ఆ రాత్రి పన్నెండుమంది ఉన్న జట్టులో కిందటి నవమికి ఏడుగురే ఆడారు. బెంగళూరు మాకు నాలుగు గంటల దూరం కూడా లేదు, పండగకు వచ్చి పోవచ్చు. కాని పనికి పోయినవాడికి సెలవు దొరకాలి గదా. ఏడుగురు కూడా మూడో పల్లవిని పాడకుండానే వదిలారు. కాని ఏడు జతల చెక్కలకు ఆ ఖాళీ నిండలేదు. పక్క వీధిలో మైకు సినిమా పాట అందులోకి దూరింది. నా పాత శిష్యుడు ఇప్పుడు తండ్రి జాగాలో నిలుచున్నాడు. తండ్రి బెంగళూరులో కాపలా పని చేస్తున్నాడు.

మిత్రుడి పుస్తకం రెండో ముద్రణకు సిద్ధమవుతున్నది. ఈసారి ఆ చోట ఏం వేయాలన్నది మా మధ్య తెగడం లేదు. గీతలు తీసేసి ఖాళీ పంక్తి వదలాలని అతను అంటాడు. ఖాళీ వదిలితే అచ్చుతప్పు అనుకుంటారు, ‘ఇక్కడ చెక్కలు మాత్రమే’ అని వేయాలని నేను. గురువును అడిగితే ఆయనకు రెండూ నచ్చలేదు. ‘గీతలు ఉండనీ అప్పా, పాడేవానికి యాడ మూసుకోవల్లో తెలుస్తాది’ అన్నాడు. ప్రూఫు ఇంకా నా బల్ల మీదే ఉంది.